పిడుదులో ఒక వేషం, ఆవులో ఒక వేషం



వానలు వెనుకపట్టి, నేల తడి ఆరకముందే ఎండ కాసే రోజులలో రాజోలు దీవిలోని సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడల్లా మాకు ఒక ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది. పాల సేకరణ పుస్తకంలో ఒక సభ్యుని పేరు ఎదుట అంకెలు చూస్తాం. పూటకు 5 లీటర్లు పోసేవారు 3 లీటర్లకు, తరువాత లీటరుకు దిగి ఉంటారు. అడిగితే, "ఆవుకు పిడుదు జ్వరమండీ. సూదిమందు వేయించాం, తగ్గిపోయింది" అంటారు. రెండు నెలలు తిరిగేసరికి పక్క పాకవారి పేరు ఎదుట అంకెలు పడిపోతాయి. అప్పుడు ఇద్దరూ కలిసి అడుగుతారు: "మా ఆవుకు తగ్గిపోయింది కదండీ, మరి దీనికి ఎక్కడినుంచి వచ్చిందండీ?"

తగ్గిపోయిన ఆ ఆవునుండే వచ్చి ఉండవచ్చు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. మేమూ ఒకప్పుడు నమ్మలేదు. మేత మేస్తూ, పాలిస్తూ, నిగనిగలాడుతున్న ఆవు ఒంట్లో రోగక్రిమి ఎలా దాగి ఉంటుంది? ఆవు రక్తంలో బ్రతికే క్రిమి, ఏ మాత్రం పోలిక లేని పిడుదు కడుపులో ఎలా బ్రతుకుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ శాస్త్రజ్ఞులు కనుగొన్న సమాధానాలను మన సభ్యులకు అర్థమయ్యే రీతిలో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఇవి తెలిస్తే పశువును కొనేటప్పుడు, సూది వేయించేటప్పుడు, పిడుదులమందు కొట్టేటప్పుడు ఏమి చేయాలో దానంతట అదే బోధపడుతుంది.

పిడుదు జ్వరాలు మూడు

మనం పిడుదు జ్వరం అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు జబ్బులు. మొదటిది థైలీరియా జ్వరం. ఇందులో జ్వరం తీవ్రంగా ఉంటుంది, భుజం ముందరి బిళ్ళలు వాస్తాయి. రెండవది బెబీసియా జ్వరం. ఇందులో మూత్రం ఎర్రగానో, కాఫీ డికాక్షను రంగులోనో వస్తుంది. మూడవది అనాప్లాస్మా జ్వరం. ఇందులో మూత్రం ఎర్రబడదు. కనురెప్ప లోపలి పొర, చిగుళ్ళు మొదట పాలిపోతాయి, తరువాత పచ్చబడతాయి. పశువు మేత మానుతుంది, పేడ గట్టిపడుతుంది, ఆయాసపడుతుంది, పాలు ఒక్కసారిగా తగ్గిపోతాయి.

మొదటి రెండింటినీ కలిగించేవి ఏకకణ పరాన్నజీవులు. మూడవదానిని కలిగించేది బాక్టీరియా. మనం ఈ వ్యాసంలో చెప్పుకునేది ఈ బాక్టీరియాను గురించే. దీనిని 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్ర రక్తకణం అంచున చిన్న చుక్కవలె కనబడుతుంది. అంచున ఉంటుంది కనుక దీనికి అనాప్లాస్మా మార్జినేల్ అని పేరు పెట్టాడు. అంతకు ముందే 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనేవారు పశువుల బెబీసియా జ్వరానికి పిడుదు కారణమని నిరూపించారు. పురుగు కుట్టి ఒక పశువు జబ్బును మరొక పశువుకు అంటించగలదని లోకానికి తెలియజెప్పిన తొలి పరిశోధనలలో అది ఒకటి.

రెండు ఇళ్ళు, రెండు కాపురాలు

ఈ బాక్టీరియా బయట మట్టిలో గాని, నీటిలో గాని బ్రతకలేదు. దానికి ఎప్పుడూ ఒక జీవి కణం లోపల చోటు కావాలి. దాని ఇళ్ళు రెండు: ఆవు, పిడుదు.

ఆవు ఒంట్లో అది ఎర్ర రక్తకణాలలోకి దూరి అక్కడ వృద్ధి చెందుతుంది. ఆవు ఒళ్ళు సుమారు 38 నుండి 39 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనంతో ఉంటుంది. రక్తంలో ఆహారానికి కొదవ లేదు. కాని కాపలా కూడా అక్కడే ఉంది. రోగనిరోధక కణాలు కొత్తగా వచ్చినవారిని గుర్తుపట్టి పట్టుకుంటూ ఉంటాయి.

పిడుదు విషయం వేరు. దాని ఒళ్ళు బయటి గాలి ఎంత వేడి ఉంటే అంత. ఆవును పట్టనంతకాలం దానికి తిండి లేదు. దానిలో ఎర్ర రక్తకణాలు లేవు. కనుక బాక్టీరియా పిడుదు పేగు కణాలలో మొదట వృద్ధి చెంది, తరువాత లాలాజల గ్రంథులలోకి చేరి, అక్కడ మళ్ళీ వృద్ధి చెందుతుంది. పిడుదు మరొక ఆవును కుట్టినప్పుడు లాలాజలంతోపాటు ఆ ఆవు ఒంట్లోకి దిగుతుంది.

ఒక ఇంట్లో వేడి, ఇంకొక ఇంట్లో చల్లన. ఒకచోట రక్తకణం, ఇంకొకచోట పేగు కణం. రెండుచోట్లా ఒకే సరంజామాతో కాపురం సాగదు. అందుకని ఈ సూక్ష్మజీవి ఇల్లు మారినప్పుడల్లా సరంజామా మారుస్తుంది.

బీరువాలో పుస్తకాలు

ఆ మార్పు ఎలా జరుగుతుందో చెప్పటానికి మన సంఘ కార్యాలయమే మంచి ఉదాహరణ. కార్యదర్శి బీరువాలో పుస్తకాలన్నీ ఉంటాయి: పాల సేకరణ పుస్తకం, వెన్నశాతం పుస్తకం, చెల్లింపుల పుస్తకం, దాణా నిల్వ పుస్తకం, మహాసభ తీర్మానాల పుస్తకం. అన్నీ ఎప్పుడూ బీరువాలోనే ఉన్నా, తెల్లవారుజామున తెరిచేది సేకరణ పుస్తకం, బట్వాడా రోజున తెరిచేది చెల్లింపుల పుస్తకం. పనిని బట్టి పుస్తకం బయటికి వస్తుంది.

ప్రతి జీవి కణంలోనూ జన్యువులు అనేవి ఈ పుస్తకాల వంటివి. ఏ మాంసకృత్తును ఎలా తయారు చేయాలో ఒక్కొక్క జన్యువులో వ్రాసి ఉంటుంది. జన్యువు ఉన్నంత మాత్రాన ఆ మాంసకృత్తు తయారు కాదు, దానిని తెరిచి చదివినప్పుడే తయారవుతుంది. అనాప్లాస్మా మార్జినేల్ జన్యుసంపదనంతా అమెరికా శాస్త్రజ్ఞులు 2005లో చదివి ప్రకటించారు. అది సుమారు 12 లక్షల అక్షరాల వ్రాత. అందులో మాంసకృత్తులకు సంబంధించిన జన్యువులు 949. మన పేగులలో ఉండే ఇ.కోలై అనే మామూలు బాక్టీరియాకు 4,000కు పైగా ఉంటాయి. అంటే ఇది చాలా చిన్న బీరువా. అయినా ఆ కొద్ది పుస్తకాలనే పిడుదులో కొన్ని, ఆవులో కొన్ని తెరుస్తూ రెండు కాపురాలూ నడుపుకొస్తున్నది.

దీని దగ్గరి చుట్టమైన మరొక అనాప్లాస్మా మనుషులకు కూడా జ్వరం తెప్పిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు దానిని మనిషి కణాలలోనూ, పిడుదు కణాలలోనూ విడివిడిగా పెంచి, ఎక్కడ ఏ జన్యువులు పని చేస్తున్నాయో మొత్తం జన్యుసంపద మీద పరీక్షించి 2008లో ప్రకటించారు. రెండు చోట్లా ఒకే క్రిమి. కాని పైపొర మాంసకృత్తులకు సంబంధించినవి మొదలుకొని అనేక జన్యువుల పని మనిషి కణంలో ఒక విధంగా, పిడుదు కణంలో మరొక విధంగా ఉన్నట్లు తేలింది.

ఇల్లు మారిన సంగతి ఎలా తెలుస్తుంది?

సూక్ష్మజీవికి కళ్ళు లేవు, చెవులు లేవు. పిడుదులో ఉన్నదీ, పశువులోకి వచ్చినదీ దానికి ఎలా తెలుస్తుంది? దీనికి స్పష్టమైన సమాధానం బొరీలియా అనే మరొక పిడుదు బాక్టీరియా విషయంలో దొరికింది. అది అమెరికాలోను, ఐరోపాలోను మనుషులకు లైమ్ జబ్బు తెప్పిస్తుంది. ఆకలితో ఉన్న పిడుదు పేగులో ఈ బాక్టీరియా ఒక రకం పైపొర మాంసకృత్తును తొడుక్కుని ఉంటుంది. అది పేగుకు అతుక్కుని ఉండటానికి ఉపకరిస్తుంది. పిడుదు ఒక జంతువును పట్టి రక్తం త్రాగటం మొదలుపెట్టగానే వెచ్చని రక్తం పేగులోకి వస్తుంది. ఆ వెచ్చదనమే కబురు. బాక్టీరియా మొదటి పొర తయారీని తగ్గించి రెండవ రకం పొరను తయారు చేసుకుంటుంది. కొత్త జంతువు ఒంట్లో కాలూనుకోవటానికి కావలసినది ఈ రెండవ పొరే. ప్రయోగశాలలో 24 డిగ్రీల వద్ద పెంచినప్పుడు కనబడని ఆ రెండవ పొర, 32 నుండి 37 డిగ్రీల వద్ద పెంచినప్పుడు కనబడిందని 1995లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

పెరుగు తోడు పెట్టే ఇల్లాలికి ఇది వింతగా తోచదు. పాలు గోరువెచ్చగా ఉంటే తోడు పని చేస్తుంది, చల్లగా ఉంటే మందగిస్తుంది. సూక్ష్మజీవులకు వేడి చెప్పే మాట బాగా తెలుసు.

ఆవు ఒంట్లో మళ్ళీ మళ్ళీ మారే చొక్కా

ఇంతవరకు చెప్పినది ఇల్లు మారినప్పటి సంగతి. అనాప్లాస్మా ఆవు ఒంట్లోకి వచ్చిన తరువాత చేసే పని ఇంకొకటి ఉంది. పాల సంఘాల సభ్యులు ముఖ్యంగా గమనించవలసినది ఇదే.

దాని పైపొరలో ఎం.ఎస్.పి. 2 అనే మాంసకృత్తు ఉంటుంది. ఆవు రోగనిరోధక శక్తి దీనిని చూసే క్రిమిని గుర్తుపడుతుంది. క్రిమి బీరువాలో ఈ మాంసకృత్తుకు చదవటానికి వీలైన పుట ఒక్కటే ఉన్నది. కాని ఆ పుటకు సరిపోయే విడి ముక్కలు వేరేచోట్ల దాచి ఉన్నాయి. వృద్ధి చెందే క్రిములలో కొన్ని ఆ ముక్కలలో ఒకదానిని తెచ్చి అసలు పుటలో అతికిస్తాయి. అప్పుడు మాంసకృత్తు ఆకారం మారిపోతుంది. ఆవు పాత చొక్కాను గుర్తుపెట్టుకుని ఆ చొక్కా వేసుకున్న క్రిములను చంపేసేసరికి, కొత్త చొక్కా వేసుకున్నవి తప్పించుకుని మళ్ళీ పెరుగుతాయి. ఆవు వాటినీ నేర్చుకుంటుంది. అప్పటికి ఇంకొక చొక్కా తయారు.

ఈ విధంగా కొన్ని వారాలకొకసారి రక్తంలో క్రిముల సంఖ్య పెరుగుతూ, తగ్గుతూ సంవత్సరాల తరబడి సాగుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఒక మిల్లీలీటరు రక్తంలో వంద కోట్ల వరకు క్రిములు ఉండవచ్చు. తగ్గిన తరువాత ఆ సంఖ్య ఎంతో పడిపోతుంది. ఆవుకు జ్వరం ఉండదు, పాలు మామూలుగా ఇస్తుంది. కాని క్రిమి పూర్తిగా పోదు. సాధారణంగా అటువంటి ఆవు జీవితాంతం క్రిమిని మోస్తూనే ఉంటుంది. రక్తంలో క్రిములు అంత కొద్దిగా ఉన్నా పిడుదుకు అవి చాలు. పిడుదు వాటిని పీల్చుకుని తన ఒంట్లో మళ్ళీ లక్షలుగా పెంచుతుంది.

మరొక విశేషం ఏమిటంటే, ఆవులో లెక్కకు మించి చొక్కాలు మార్చే ఈ క్రిమి పిడుదు లాలాజల గ్రంథులలో కొద్ది రకాల చొక్కాలతోనే సరిపెట్టుకుంటుంది. అక్కడ ఆవుకున్నటువంటి కాపలా లేదు కనుక అన్ని మార్పుల అవసరం లేదు.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రిందట ఈ దీవిలోనే ఒక సంఘంలో ఒక సభ్యుడు అప్పు చేసి సంకరజాతి ఆవును కొన్నాడు. కొనుగోలు చూడటానికి వెళ్ళినవారిలో మేమూ ఉన్నాం. అమ్మేవాడు దాచలేదు. "పోయిన ఏడు పిడుదు జ్వరం వచ్చిందండీ, తగ్గిపోయింది" అని చెప్పాడు. మేము రెండు పూటలా పాలు తీయించి, వెన్నశాతం చూసి, పొదుగు చూసి, బాగున్నదని కాగితం మీద సంతకం పెట్టాం. జ్వరం మాట విని ఊరుకున్నాం.

తరువాత ఆ వీధిలో పశువులన్నిటినీ ఒకచోట కట్టి ఎవరో సూదులు వేశారు. ఒకే సూది, వరుసగా అన్నిటికీ. మొదట వేసినది ఈ కొత్త ఆవుకే. సుమారు నెల రోజులకు ఆ వరుసలోని రెండు ఆవులు పచ్చబడి పడిపోయాయి. ఒకటి బ్రతికింది. రెండవది చూడిది, చనిపోయింది. అది ఒక వితంతువు ఆవు. ఆ ఇంటికి పాల డబ్బే ఆధారం. మహాసభలో ఆమె లేచి, "నా ఆవుకు పిడుదులే లేవండీ, రోజూ ఏరేదాన్ని" అన్నది. ఆమె చెప్పినది నిజమే. ఈ క్రిమికి పిడుదే కావాలని లేదు. రక్తం అంటిన సూది, కొమ్ములు కోసే పరికరం, ఒక పశువును కుట్టి వెంటనే మరొకదానిపై వాలే జోరీగ, ఏదైనా చాలు. క్రిమి అప్పటికే ఆవు వేషంలో ఉంది కనుక, ఆవునుండి ఆవుకు నేరుగా పోతే వేషం మార్చే పని కూడా ఉండదు. ఆ రోజున మాకు ఇదంతా తెలియదు. తెలిసిన తరువాత చెప్పకుండా ఊరుకోవటం తప్పు కనుక వ్రాస్తున్నాం.

సభ్యులు చేయవలసినవి

మొదటిది సూది. ఏ పశువుకైనా సరే, పశువుకొక సూది. టీకాలు వేసే రోజున సంఘం తరఫున సరిపడా సూదులు ముందుగా కొని ఉంచాలని పాలకవర్గం తీర్మానించుకోవచ్చు. ఒక సూది ఖరీదుకూ, ఒక ఆవు ఖరీదుకూ పోలిక చెప్పనక్కరలేదు.

రెండవది రక్తపరీక్ష. మూడు పిడుదు జ్వరాలకు మందు ఒకటి కాదు. థైలీరియాకు వాడే బుపార్వాకోన్ అనాప్లాస్మాను తగ్గించదు. అనాప్లాస్మాకు వాడే ఆక్సీటెట్రాసైక్లిన్‌తో ముదిరిన థైలీరియా తగ్గదు. కనుక జ్వరం కనబడగానే, మందు వేయకముందే, పశువైద్యుని చేత రక్తపు పూత తీయించాలి. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు పూతలో క్రిమి కనబడుతుంది. తగ్గిన ఆవులో క్రిములు చాలా తక్కువ కనుక పూతలో కనబడకపోవచ్చు. పూతలో లేదన్నంత మాత్రాన ఒంట్లో లేదని అనుకోరాదు. అటువంటి ఆవును తేల్చటానికి ప్రయోగశాలలో చేసే ప్రత్యేక పరీక్షలు కావాలి.

మూడవది నడిపించకుండటం. ఎర్ర కణాలు నశించి ఆయాసంలో ఉన్న ఆవును ఎండలో ఆసుపత్రికి తోలుకుపోతే దారిలోనే పడిపోవచ్చు. వైద్యుని పాక దగ్గరకు పిలిపించుకోవటం మేలు.

నాలుగవది పాలు. టెట్రాసైక్లిన్ వేయించిన ఆవు పాలను వైద్యుడు చెప్పిన రోజులు గడిచేవరకు కేంద్రంలో పోయరాదు. ఆ మందు పాలలోకి వస్తుంది, త్రాగేవారికి మంచిది కాదు. తోడు బాక్టీరియాను కూడా అణచివేస్తుంది కనుక పెరుగు సరిగా తోడుకోదు. ఒక్క ఇంటి పాలు కలిస్తే క్యాను మొత్తం చెడినట్లే.

అయిదవది పిడుదులు. మన పశువుల మీద ఎక్కువగా కనబడే ఒక రకం పిడుదు గుడ్డు పగిలి పిల్ల అయినది మొదలు పెద్దదయ్యేవరకు ఒకే పశువు మీద సుమారు మూడు వారాలు గడుపుతుంది. తరువాత ఆడది నేలకు రాలి రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. అనాప్లాస్మా సాధారణంగా తల్లి పిడుదు నుండి గుడ్డుకు పోదు. మరి ఎలా పాకుతుంది? మగ పిడుదులు రాలిపోకుండా చాలాకాలం బ్రతికి, పక్కపక్కన కట్టిన పశువుల మధ్య మారుతూ ఉంటాయి. జబ్బు చేసిన పశువును దూరంగా కట్టమనటానికి కారణం ఇదే. మందు కొట్టినప్పుడు పాకలోని పశువులన్నిటికీ ఒకే రోజున కొట్టి, పాక నేలకూ, గోడ నెర్రెలకూ కూడా కొట్టాలి. వైద్యుడు చెప్పిన పాళ్ళకంటె పలుచగా కలిపితే మందుకు లొంగని పిడుదులు మిగిలి పెరుగుతాయి. డెల్టామెత్రిన్ వంటి మందులు చేపలకు, రొయ్యలకు విషం. పిచికారీ డబ్బాను కాలువలో గాని, చెరువు గట్టున గాని కడగరాదు. మన ప్రాంతంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఏరిన పిడుదులను వేళ్ళతో నలపక కిరసనాయిలు డబ్బాలో వేయాలి.

ఆరవది కొనుగోలు. కొత్త పశువును కొన్నప్పుడు పూర్వం పిడుదు జ్వరం వచ్చిందా అని అడిగి వ్రాసుకోవాలి. తెచ్చిన పశువును కొన్ని వారాలపాటు విడిగా కట్టి పిడుదులు లేకుండా చూడాలి. జబ్బు అంటిన తరువాత బయటపడటానికి సాధారణంగా రెండు నుండి అయిదు వారాలు పడుతుంది.

టీకా సంగతి కూడా అడుగుతూ ఉంటారు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారు తయారు చేసిన రక్షావాక్-టి టీకా థైలీరియాకు. అది అనాప్లాస్మాకు పనికిరాదు. చొక్కా మార్చే క్రిమికి టీకా చేయటం ఎందుకు కష్టమో పైన చెప్పినదానిని బట్టి సభ్యులకు బోధపడే ఉంటుంది.

మన వైపునుండి రెండు మాటలు

ఈ జబ్బుకు నేటికీ ముఖ్యమైన మందు టెట్రాసైక్లిన్ జాతిదే. ఆ జాతిలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలనుండి వెలువడింది. బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నప్పుడు అక్కడ పరిశోధనకు అధిపతిగా ఉన్నవారు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. రాజోలు నుండి వసిష్ఠ దాటి పాలకొల్లు మీదుగా పోతే ఆ ఊరే.

రెండవ మాట మన ఒంగోలు జాతిని గురించి. మన తీరపు పశువులు ఒంటికి పిడుదులను అంతగా పట్టనీయవు. మన దేశపు మూపురం పశువులను అమెరికా ఖండాలవారు తీసుకుపోవటానికి వేడికి, పిడుదులకు తట్టుకునే ఆ గుణం ఒక కారణం. బ్రెజిల్‌లో నేడు నెల్లూరు పేరుతోనే కోట్లలో ఉన్నవి మన ఒంగోలు సంతతే. పాలకోసం మనం తెచ్చుకున్న సంకరజాతి ఆవులకు ఆ గుణం తక్కువ. గేదెలకు ఒంటిమీద పిడుదులు తక్కువగానే పడతాయి, కాని అవి కూడా పైకి కనబడకుండా క్రిమిని మోయగలవు. కనుక పాకలో గేదె, ఆవు కలిసి ఉన్నవారు గేదెకు కూడా మందు కొట్టించాలి.

క్రిమి తన ఇల్లు మారినప్పుడల్లా తన పద్ధతి మార్చుకుంటున్నది. మనం కూడా తగ్గిన ఆవును చూసే పద్ధతిని మార్చుకోవలసి ఉన్నది. దానిని అమ్మివేయనక్కరలేదు, భయపడనక్కరలేదు. పాలు పితుక్కోవచ్చు, చూడి కట్టించవచ్చు. దాని రక్తం మరొక పశువుకు అంటకుండా చూస్తే చాలు. వచ్చే మహాసభలో కార్యదర్శులు ఈ వ్యాసాన్ని చదివి వినిపించి, సూదుల కొనుగోలు విషయం తీర్మానాల పుస్తకంలో వ్రాయించగలరని కోరుతున్నాం. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు సేకరణ పుస్తకంతోపాటు ఆ పుటను కూడా చూస్తాం.